తారకేశ్వర మహంతు

నేరపరిశోధక కథలను చదువుట మన యిండ్లలో చిరకాలముగా నున్న యభ్యాసము. ఆ కథలలో దోషి యెవరో కడపటి పుటవరకును తెలియరాదు. చదువరి మొదట సేవకుని శంకించును. పిమ్మట దాయాదిని శంకించును. అటుపిమ్మట అప్పులిచ్చిన షావుకారును శంకించును. తుదకు ముసుగు తొలగి, దానిక్రింద కాషాయవస్త్రమో, పాదిరి ధరించు నల్లని యంగీయో కనబడినచో నాతనికి కలుగు ఆశ్చర్యము మెండు. ఆ యాశ్చర్యముతోబాటు లోలోపల నొక తృప్తియు కలుగును. ఈ తృప్తికి కారణమేమి? గురువు వచ్చినప్పుడు తలుపు తీయనివారు లేరు. ఆయనకు చెప్పని రహస్యము లేదు. ఆయనను లెక్క యడుగువాడును లేడు. నేరము చేయదలచినవానికి ఇంతకంటె అనువైన పదవి మరియొకటి యుండదు. ఈ సంగతి లోకమునకు లోలోపల తెలియును. పైకి చెప్ప భయము. కథకుడు తన కల్పనచేత ఆ భయమును తీర్చుచున్నాడు.

ఈ కల్పన మనకు పాశ్చాత్యులనుండి వచ్చినదని కొందరనుకొందురు. అది సరికాదు. భేతాళకథల నెరిగినవారికి క్షాంతిశీలుడు తెలియును. అతడు దినదినము రాజునకొక ఫలము సమర్పించుచు, దానిలో రత్నమును దాచి, నమ్మకమును సంపాదించి, తుదకు శ్మశానమున రాజునే బలి యీయదలచిన భిక్షువు. భవభూతి మాలతీమాధవమున అఘోరఘంటుడను కాపాలికుడు కన్యయగు మాలతిని చాముండకు బలి చేయబూనును. ఏడవ శతాబ్దమున కాంచీపురము నేలిన మహేంద్రవర్మ రచించిన మత్తవిలాస ప్రహసనమున, త్రాగి మైమరచిన కాపాలికుడును బౌద్ధభిక్షువును కపాలపాత్రకై వీథిలో తగవులాడుదురు. ఆ పాత్రను ఎత్తుకొనిపోయినది కుక్క.

ఈ కథలను పరికించినచో ఒక విశేషము గోచరించును. వీనిలో దుష్టుడైన యతి తరచుగా పరమతస్థుడు. కాపాలికుని, బౌద్ధుని, క్షపణకుని రంగమెక్కించి నవ్వుట ఇతరులకు సులభము. ఇంగ్లండునందును ఇదియే రీతి. 1796లో మాథ్యూ లూయిస్ అను యువకుడు ‘ది మంక్’ అను భయంకరమైన నవలను ప్రకటించెను. అందలి ఖలుడు ఆంబ్రోసియో యను సన్న్యాసి. కాని యతడు లండను నగరమువాడు కాడు, మాడ్రిడ్డు నగరమువాడు. ప్రొటెస్టంటు కాడు, క్యాథలిక్కు. పొరుగువాని గుడిలో పాపమును చూపుట కథకునకు క్షేమము, చదువరికి వినోదము. తన గుడిలో తన గురువే దోషియైనప్పుడు లోకమేమి చేయునన్నదే అసలైన పరీక్ష.

హిందూదేశమున ఈ పరీక్ష పందొమ్మిదవ శతాబ్దముయొక్క ఉత్తరార్ధమున వచ్చెను. బొంబాయిలో కర్సన్‌దాస్ మూల్జీ స్వయముగా వైష్ణవుడయ్యును, 1860లో తన ‘సత్యప్రకాశ’ పత్రికయందు వల్లభసంప్రదాయపు మహారాజుల దురాచారములను ఖండించుచు వ్యాసము వ్రాసెను. యదునాథజీ మహారాజు ఏబదివేల రూపాయలకు పరువునష్టపు దావా వేసెను. 1862లో బొంబాయి సుప్రీముకోర్టు ప్రధానాంశమున కర్సన్‌దాసు పక్షముననే తీర్పు చెప్పెను. అది కలముతో జరిగిన యుద్ధము. అందు రక్తపాతము లేదు. పదునొకండు సంవత్సరముల పిమ్మట వంగదేశమున జరిగినది వేరు. అచ్చట ఒక యబల ప్రాణము పోయెను.

కలకత్తాకు వాయవ్యమున హుగ్లీ మండలమందు తారకేశ్వరమను శైవక్షేత్రము కలదు. అందలి తారకనాథుడు రోగములు మాన్పుననియు, సంతానమిచ్చుననియు ప్రజల విశ్వాసము. ఆలయమును, దాని భూములును దశనామి సన్న్యాసుల మఠాధిపతియైన మహంతు అధీనమున నుండెను. మహంతునకు శిష్యుడే వారసుడు. ఆ ప్రాంతమున ఆయన సన్న్యాసి మాత్రమే కాడు, జమీందారు కూడ. భక్తులు ఆయన పాదములకు మ్రొక్కుదురు. రైతులు ఆయనకు శిస్తు కట్టుదురు. మ్రొక్కువాడును శిస్తు కట్టువాడును ఒక్కడే యైనప్పుడు, అట్టివాడు ఎవరితో మొరపెట్టుకొనగలడు?

1873లో ఆ గద్దెపైనున్నవాడు మాధవచంద్ర గిరి. సమీపమున కుమ్రుల్ అను గ్రామమందు నీలకమల ముఖోపాధ్యాయుడను బ్రాహ్మణుడుండెను. ఆయన కుమార్తె ఎలోకేశికి పదునారేండ్ల ప్రాయము. ఆమె భర్త నవీనచంద్ర బంద్యోపాధ్యాయుడు కలకత్తాలో ప్రభుత్వ ముద్రణాలయమందు కొలువు చేయుచుండెను; భార్య పుట్టినింటనే యుండెను. సంతానమునకై మందు ఇప్పించు నెపమున ఆమెను మహంతు కడకు పంపిరనియు, అచ్చట మందిచ్చి ఆమెను చెరచెననియు, పిదపను ఆ సంబంధము సాగినదనియు, తండ్రియు సవతితల్లియు లాభమున కాశించి దీనికి సమ్మతించిరనియు లోకము చెప్పుకొనెను.

నవీనుడు గ్రామమునకు వచ్చి, ఊరివారి మాటలు విని, భార్య నడిగెను. ఆమె జరిగినది చెప్పెను. అతడు మొదట ఆమెను క్షమించి, తనతో కలకత్తాకు తీసికొనిపోవ యత్నించెను. మహంతు మనుష్యులు వారిని కదలనీయలేదని చెప్పుదురు. 1873 మే 27వ తేదీన అతడు వంటయింటి కత్తిపీటతో భార్య గొంతు కోసి చంపెను. పిదప తానే పోలీసుల కడకు పోయి నేరము నొప్పుకొనెను.

విచారణ శ్రీరామపురమున సెషన్సు న్యాయాధిపతి ఫీల్డు ఎదుట జరిగెను. జనము విరుగబడగా, అధికారులు న్యాయస్థానమున ప్రవేశించుటకు రుసుము పెట్టవలసివచ్చెను. నవీనుని పక్షమున వాదించినవారిలో ఉమేశచంద్ర బెనర్జీ యొకరు; ఆయనయే 1885లో కాంగ్రెసు మహాసభకు ప్రథమాధ్యక్షుడయ్యెను. మతి తప్పిన స్థితిలో చేసిన పనియను వాదము నంగీకరించి, దేశీయులైన జూరీ సభ్యులు నవీనుడు నిర్దోషియనిరి. న్యాయాధిపతి వారితో నేకీభవింపక, 1872 నాటి క్రిమినలు ప్రొసీజరు చట్టము క్రొత్తగా నిచ్చిన యధికారముచొప్పున వ్యవహారమును కలకత్తా హైకోర్టునకు నివేదించెను. హైకోర్టున మార్క్‌బీ నవీనుని హంతకునిగా నిర్ణయించి యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించెను. మహంతునకు వ్యభిచారనేరముక్రింద మూడేండ్ల కఠినశిక్షయు, రెండువేల రూపాయల జుల్మానాయు పడెను.

అచ్చటితో వ్యవహారము ముగిసెనుగాని కథ ముగియలేదు. ఆ సంవత్సరముననే క్రొత్తగా తెరచిన బెంగాల్ థియేటరు, ఆరంభమున ప్రేక్షకులు చాలక యుండి, లక్ష్మీనారాయణ దాసు రచించిన మహంతు నాటకమును ప్రదర్శింపగానే జనముతో నిండిపోయెను. కలకత్తాలో బటతలా ముద్రణశాలలనుండి ఈ కథపై నాటకములు, ప్రహసనములు, పాటలు పుంఖానుపుంఖములుగా వెలువడెను. కాళీఘాటు చిత్రకారులు కథను ఘట్టముఘట్టముగా చిత్రించి యాత్రికులకు విక్రయించిరి: మహంతు ఎలోకేశిని చూచుట, నవీనుడు కత్తిపీట నెత్తుట, ఆమె నేలకొరుగుట, మహంతు చెరసాలలో పని చేయుట. ఆ పటములు కొన్ని నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలయందున్నవి. ఎలోకేశి పేర చీరలు, తాంబూలపు పెట్టెలు అమ్ముడుపోయెను. మహంతు చెరసాలయందు గానుగ త్రిప్పి తీసిన నూనెతో చేసినదని చెప్పి తలనొప్పికి లేపనము నమ్మినవారు కూడ నుండిరట!

జనుల కోపము న్యాయమైనదే. తమ గుడిలో, తమ గురువునందే, పాపమును చూచుటకు వంగదేశీయులు కన్ను మూసికొనలేదు. ఇది పూర్వకవులు చేయని సాహసము. సన్న్యాసి కాళ్లకు మ్రొక్కిన చేతులే సన్న్యాసి గానుగ త్రిప్పు పటమును కొని గోడకు తగిలించెను. సంస్కారప్రియులైనవారు దీనిని చూచి సంతోషింపవచ్చును. కాని సంతోషించి యూరకుండుట చాలదు. ఆ నాటకములు చూచినవారు ఏమి మరచిరో కూడ మనమడుగవలెను.

వారు మొదట మరచినది ఎలోకేశిని. నవీనుని విడుదల చేయవలసినదని వేలకొలది జనులు విన్నపములపై వ్రాళ్లు చేసిరి. వారిలో దేశీయ సంపన్నులును, విద్యావంతులును నుండిరి. 1875లో ప్రభుత్వమువారు అతనికి క్షమాభిక్ష నొసగిరి. రంగస్థలముపై అతడు దుఃఖనాయకుడు, మహంతు ఖలనాయకుడు. ఈ యిద్దరినడుమ చచ్చిన బాలిక యెవరు? కొందరికి ఆమె మోసపోయిన సాధ్వి, కొందరికి చెడిన కులస్త్రీ. మహంతు ఆమెను బలాత్కరించెనా, ఆమె సమ్మతించెనా యని పత్రికలు తర్కించెను. సమాధానము చెప్పగలిగిన నోరు మే 27వ తేదీననే మూతపడెను. ఆ నోటిని మూసినది మహంతు కాడు. ఖలునిపై ద్వేషము మితిమీరినచోట, ఖలుడు చేయని హత్యయు అతని పద్దుననే వ్రాయబడును. హత్య చేసినవాడు పూలదండలతో ఇంటికి వచ్చును. కథ యందమునకు ఇది సరిపోవునేమో, ధర్మమునకు సరిపోదు.

శాసనము కూడ ఆమెను చూడలేదు. మహంతునకు శిక్ష పడినది శిక్షాస్మృతి 497వ సెక్షను క్రింద. ఆ సెక్షను ప్రకారము పరుని భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండ కూడుట నేరము. ఫిర్యాదు చేయవలసినవాడు భర్త. స్త్రీ సమ్మతించెనా లేదా యన్నది ఆ సెక్షనునకు పట్టలేదు. భర్త సమ్మతించెనా లేదా యన్నదే పట్టెను. అనగా ఆ శాసనము దృష్టిలో మహంతు చెరచినది ఎలోకేశిని కాదు, నవీనుని స్వామ్యమును. పొలముగట్టు దాటి పైరు మేసిన పశువునకు వేయు జుల్మానాకును దీనికిని భేదమెంత? ఈ సెక్షను నూటయేబదియేండ్లకు పైగా నిలిచెను. 2018 సెప్టెంబరు 27వ తేదీన భారత సర్వోన్నతన్యాయస్థానము, భార్య భర్త సొత్తు కాదని నిశ్చయించి, దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ఎలోకేశి చచ్చిన నూటనలుబదియైదేండ్లకు ఆమె యొక మనిషియని శాసనమునకు తెలిసివచ్చెనన్నమాట.

వారు రెండవసారి మరచినది గద్దెను. మాధవచంద్ర గిరి శిక్ష ముగించుకొని వచ్చి మరల మహంతుపీఠమున కూర్చుండెను. నాటకములు చూచి చప్పట్లు కొట్టినవారు అతనిని పీఠమునుండి దింపలేకపోయిరి. ఏలయన, వారు కోపించినది మాధవగిరిపై. అతని చేత మ్రొక్కును శిస్తును ఒక్కచోట పెట్టిన యేర్పాటుపై కాదు. 1885లో శేవడాఫులీనుండి తారకేశ్వరమునకు రైలుమార్గము పడెను. యాత్రికుల రాక యింకను సులభమయ్యెను. పీఠము అట్లే యుండెను, లెక్క యడుగువాడు లేకుండుటయు అట్లే యుండెను.

ఇది మొదటి తప్పును కాదు, చివరి తప్పును కాదు. 1873కు పూర్వము 1824లో ఆ పీఠముననే యున్న శ్రీమంత గిరి, తన యుంపుడుకత్తె ప్రియుని హత్య చేసిన నేరమునకు ఉరి తీయబడెను. 1873కు పిమ్మట 1924లో సతీశచంద్ర గిరి యను మహంతుపై యాత్రికుల దోపిడి, రైతుల పీడనము, దుర్నడత యను నిందలు రేగెను. స్వామి విశ్వానందుడు, స్వామి సచ్చిదానందుడు మున్నగువారు పూనుకొనగా, దేశబంధు చిత్తరంజన్ దాసు ఆధ్వర్యవమున సత్యాగ్రహము నడచెను. కవి నజ్రుల్ ఇస్లాం మహంతుపై పాట వ్రాసెను. జనులు చెరసాలలకు పోయిరి. తుదకు మహంతు గద్దె దిగుటకు అంగీకరించెను. నూరేండ్లలో ఒకే పీఠముపై ముగ్గురు! ముగ్గురును పుట్టుకతోనే దుష్టులని చెప్పి యూరకుందుమా? ఒక నూతిలో ముగ్గురు పడినప్పుడు పడినవారి గ్రుడ్డితనమునే నిందించుట వివేకము కాదు. నూతికి గట్టు లేదని కూడ తెలిసికొనవలెను.

గట్టు లేకపోవుటకు చారిత్రకకారణము కలదు. కంపెనీవారు మొదట అనేక దేవాలయముల యాజమాన్యమును తమ చేతిలో నుంచుకొనిరి. విగ్రహారాధనకు క్రైస్తవప్రభుత్వము తోడ్పడుచున్నదని ఇంగ్లండులో మిషనరీలు మొరపెట్టగా, వారు క్రమముగా చేతులు వదలుకొనిరి. 1863వ సంవత్సరపు ఇరువదవ చట్టముతో ఈ త్యాగము పూర్తియయ్యెను. ప్రభుత్వము తప్పుకొనినచోట ప్రజలు ప్రవేశించిన మేలుగానుండెడిది. ప్రవేశించినది మాత్రము పలుచోట్ల ఒక్క వ్యక్తియే. మన తిరుమలయే ఇందుకు నిదర్శనము. 1843లో కంపెనీవారు ఆ దేవస్థానమును హాథీరాంజీ మఠపు మహంతున కప్పగించిరి. తొంబదియేండ్లు ఆ మఠాధిపతులే విచారణకర్తలుగా నుండిరి. వారిలో మంచివారును ఉండవచ్చును, కానివారును ఉండవచ్చును. మంచియైనను చెడ్డయైనను భక్తుల కానుక ఒక్కని మనస్సాక్షిపై ఆధారపడి యుండుటయే లోపము. 1925 నాటి మద్రాసు హిందూధర్మాదాయ శాసనముతో లెక్కలు చూచు బోర్డు వచ్చెను. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానములకు ప్రత్యేకశాసనమువలన సమితి యేర్పడెను. ఈ మార్పు ఏ నాటకమువలనను రాలేదు; శాసనసభలో దినదినమును జరిగిన వాదమువలన వచ్చెను.

పంజాబున ఈ పాఠము రక్తముతో వ్రాయబడెను. గురుద్వారములు ఉదాసీ మహంతుల చేతిలో వంశపారంపర్యపు సొత్తువలె నుండెను. 1921 ఫిబ్రవరి 20వ తేదీన నన్‌కానా సాహెబునందు నరైన్‌దాసు అను మహంతు కూలికి తెచ్చిన మనుష్యులు, శాంతముగా లోనికి వచ్చిన అకాలీలను పెక్కుమందిని చంపిరి. ఏ అపరాధకథకుడును ఇంతటి క్రూరమైన ఘట్టమును కల్పింప సాహసింపడు. కాని సిక్కులు నరైన్‌దాసు శిక్షతో తృప్తి చెందలేదు. పోరాడి, చెరసాలలు నింపి, 1925లో గురుద్వారముల శాసనమును సాధించి, ఎన్నుకొనబడిన సంఘమునకు గురుద్వారముల నప్పగింపజేసిరి. అటుపిమ్మట అక్కడ తగవులు లేవని మేమనము. తగవులున్నను, వానిని తీర్చుకొనుటకు ఓటున్నది, లెక్కల పుస్తకమున్నది.

మన తెలుగుదేశమున కందుకూరి వీరేశలింగము పంతులవారు ‘వివేకవర్ధని’ని స్థాపించినది 1874లో, అనగా మహంతు వ్యవహారము దేశమంతట మారుమ్రోగుచున్న దినములలోనే. వారును ప్రహసనములు వ్రాసి లంచగొండులను, కపటభక్తులను నవ్వులపాలు చేసిరి. అయితే వారు నవ్వించి యూరకుండలేదు. ఆ యేడే ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి; 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిరి. ప్రహసనము కలుపుమొక్కను చూపును. కలుపు తీయుటకు మాత్రము వంగవలసినది నడుమే.

కనుక కాషాయము ధరించిన ఖలుని కథలు చదువవలదని మేము చెప్పుటలేదు. చదువుడు. పిల్లలు పెద్దవారైన పిదప వారిచేత చదివింపుడు. గురువు కూడ మనిషియేయని తెలియుట మేలే. కాని పుస్తకము మూసిన పిదప రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఈ కథలో చచ్చిన ఆడుబిడ్డ తన మాట తాను చెప్పుకొనెనా, లేక ఆమెకై మగవారే మాటలాడిరా? ఈ ఖలుడు పోయిన పిదప అతడు కూర్చుండిన గద్దెకు ఎవరేని కావలి పెట్టిరా, లేక మరియొకనికై అది ఖాళీగా నున్నదా?

మన యూరి గుడి హుండీ తెరచుదినమున లెక్క చూచునది ఎవరు? మన యింటికి వచ్చు స్వామివారు మన యాడువారితో ఒంటరిగా మాటలాడవలెననిన, కాదని చెప్పగలవారు మన యింట ఎందరు? ఆ మాట కోడలు చెప్పినచో ఆమె మాట నమ్ముదుమా? తారకేశ్వరమున పదునారేండ్ల బాలిక తన భర్తతో జరిగినది చెప్పెను. ఆమె చెప్పినదానికి దొరికిన ఫలము కత్తిపీట. మన యిండ్లలో చెప్పినవారికి దొరకవలసినది రక్షణము. అది దొరకనంతకాలము మహంతును గానుగకు కట్టిన పటములు గోడపై ఎన్ని తగిలించినను, ఎలోకేశికి జరిగిన యన్యాయము తీరినట్లు కాదు.